పెంకులో నిప్పు

1979 ఫిబ్రవరి 5, సోమవారం

ఈ డైరీ ఎవరో ఓడల ఏజెంటు పంచిపెట్టినది. ప్రతి పేజీ మీదా లంగరు బొమ్మ ఉంది. జనవరి అంతా ఖాళీగా వదిలేశాను, రాయదగ్గ విరోధి దొరకలేదు. ఇవాళ ఇద్దరు దొరికారు.

ఒకడు త్రినాథరావు. కృష్ణా జిల్లావాడు. అన్నగారికి పోర్టులో ఉద్యోగం వస్తే వెంట వచ్చాడట, ఇతనికి మాత్రం ఏదీ దొరకలేదట. కచేరీ గోడవార రేకుల పంచలో నేను పద్దెనిమిదేళ్ళుగా అర్జీలు రాస్తున్నాను. నా బల్లకు మూరెడు ఎడంగా తెలుగు టైపుమిషను దించి, కుర్చీ వేసుకుని, అందులో కూర్చుని, ఆ తరువాత "మేష్టారూ, మీకేం అభ్యంతరం లేదుగదండీ" అని అడిగాడు. ఆ మిషను చప్పుడు రేకుల మీద కోడి గింజలేరుకుంటున్నట్టు ఉంది. నా వాక్యం పొడుగైనది. మధ్యలో కోడి పొడిస్తే తెగిపోతుంది.

రెండో విరోధి సన్యాసమ్మ. గరువుపాలెం నుంచి బస్సులో వచ్చి, పంచలో పదిమంది వింటూండగా పిలిచింది.

"ఒరే నీలకంటం. బతికే ఉన్నావేటి."

రక్తసంబంధం చేత ఆవిడ నాకు అప్ప, అంటే అక్క. ఇరవై రెండేళ్ళుగా మాటలు లేవు. పంచలో నన్ను అందరూ 'పంతులుగారూ' అంటారు. పంతులుగారిని 'ఒరే' అన్న మనిషిని చూడడానికి టీకొట్టువాడు కూడా గ్లాసు కడగడం ఆపాడు.

పని ఇది. ఉక్కు ఫ్యాక్టరీకి గరువుపాలెం మొత్తం పోతోంది. జాబితాలో ఉన్న ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క కార్డు. కార్డు ఉంటే కొత్త కాలనీలో ఇంటిస్థలం, ఇంట్లో ఒకరికి ఫ్యాక్టరీలో పని. జాబితా రాసినవాళ్ళు సన్యాసమ్మనూ, చనిపోయిన ఆవిడ భర్తకు అన్న అయిన జగ్గారావునూ ఒకే కుటుంబం కింద వేశారు. కార్డు జగ్గారావు కొడుక్కి పోతుంది. ఈవిడ కొడుకు ఎల్లాజీకి ఏమీ ఉండదు. ఉన్న ఇల్లూ ఉండదు.

"రాయి. నాను సెప్పింది సెప్పినట్టు రాయి," అంది.

"చెప్పింది చెప్పినట్టు రాస్తే దాన్ని అర్జీ అనరమ్మా."

"మరేటంటారు."

త్రినాథరావు మిషను ఆపి మరీ నవ్వాడు.

"అన్నదమ్ములు వేరుపడినట్టు కాగితం ఏదైనా ఉందాండీ?" అని కూడా అడిగాడు, అతన్ని ఎవరూ అడక్కుండానే.

"కాయితం ఏటికి బాబూ. పెద్ద పొయ్యిలోంచి నిప్పు తీసి పెంకులో ఏసుకుని నా పొయ్యిలో ఎట్టినారు. ఆ దినం నుంచి ఆల్ల కుండ ఆల్లది, నా కుండ నాది." అని నా వైపు తిరిగింది. "నిప్పు ఎవుడు మోసినాడో అదీ రాయి."

నేను రాశాను. మహారాజరాజశ్రీ అధికారివారి దివ్యసముఖమునకు, గరువుపాలెం గ్రామ కాపురస్థురాలు సన్యాసమ్మ వ్రాసుకొన్న విన్నపములు, ఏమనగా, మేము బహుకాలముగా విభక్తులమై, వేరు వంటయు వేరు కాపురమును కలిగి, నిర్వివాదముగా జీవించుచుండగా... చక్కగా వచ్చింది. నిప్పు సంగతి రాయలేదు. ఎవరు మోశారన్నది అర్జీకి అనవసరం.

ఫిబ్రవరి 6

నాకు చదువు చెప్పినవాడు లేడు. పదహారో ఏట ఊరు వదిలి హార్బరు పనికి వచ్చాను. అప్పటికి రేవు ఇంకా తవ్వుతున్నారు. అక్షరాలు బస్తాల మీది అచ్చులు చూసి పట్టుకున్నాను. వాక్యాలు మాత్రం పకోడీల కొట్టు దగ్గర. ఆ కొట్టువాడు కోర్టు పాతకాగితాల్లో పొట్లాలు కట్టేవాడు. పకోడీలు తిని కాగితం చదివేవాణ్ణి. నేను మొట్టమొదట కూడబలుక్కుని చదివిన వాక్యం 'ప్రతివాది విన్నవించుకొనునదేమనగా'. గొప్పవాళ్ళు ఇంట్లో పెళ్ళాంతో కూడా ఇలాగే మాట్లాడతారని చాలాకాలం నమ్మాను. ఒకసారి హోటల్లో "రెండు ఇడ్డెనలు దయచేయింపుడు" అన్నాను. సర్వరు వెళ్ళి మేనేజరును తీసుకొచ్చాడు.

అయినా ఆ భాష మీద నా గౌరవం తగ్గలేదు. తెల్లదొర వెళ్ళాడు, మహారాజరాజశ్రీ వెళ్ళలేదు. జమీందార్లు పోయారు, దివ్యసముఖం పోలేదు. రేవులోకి వచ్చిన ప్రతి ఓడా నాలుగు మాటలు దించి నాలుగు ఎక్కించుకుపోయింది, నా అర్జీలోకి ఒక్కటీ చొరబడలేదు. త్రినాథరావు టైపు కొట్టేది 'అయ్యా, నా ఇల్లు కురుస్తోంది' అని. అది అర్జీయా, పక్కింటివాడితో మొరపెట్టుకోవడమా?

ఊరి మాట సంగతంటారా, దాన్ని మూడేళ్ళలో వదిలించుకున్నాను, గజ్జి వదిలించుకున్నట్టు. మళ్ళీ రాలేదు.

ఫిబ్రవరి 21

గరువుపాలెం నుంచే ఇప్పటికి ముప్ఫై తొమ్మిది అర్జీలు రాశాను. త్రినాథరావు ఆరు.

మార్చి 12, సోమవారం

విచారణాధికారి ముప్ఫై తొమ్మిదింటినీ తిరగ్గొట్టాడు.

అధికారి చిన్నవాడు, తల నెరవలేదు, చొక్కా నలగలేదు. కట్ట విప్పి ఒకటి చదివాడట, రెండోది చదివాడట, మూడోది సగంలో ఆపి, "వీళ్ళందరిదీ ఒకే నోరా?" అన్నాడట. ముప్ఫై తొమ్మిది మందీ బహుకాలముగా విభక్తులే, అందరూ నిర్వివాదముగానే జీవిస్తున్నారు. ఎవడో కూర్చుని దొంగ అర్జీలు అల్లాడని తేల్చాడు. త్రినాథరావు రాసిన ఆరూ విచారణకు తీసుకున్నాడు. వాటిలో ఒకదాంట్లో మేక సంగతి ఉందిట.

తప్పంతా సన్యాసమ్మది. అర్జీ ఆవిడకి చదివి వినిపించి, "ఇది నువ్వు చెప్పిందేనా?" అని అడిగితే, అవునంటే పోయేది. ఆవిడ ఆసాంతం విని,

"నాది కాదు బాబూ. ఇందులో నా పొయ్యి నేదు," అందట.

మిగిలిన ముప్ఫై ఎనిమిది మందీ అవునన్నారు కదా అని త్రినాథరావుతో అన్నాను. "వాళ్ళవీ కొట్టేశారు కదండీ మేష్టారూ" అన్నాడు. ఇతనితో వాదన పెట్టుకోకూడదు.

ఆక్షేపణలుంటే సాక్షిని తీసుకురావచ్చు. ఏప్రిల్ 24న ఊళ్ళోనే చావడి దగ్గర విచారణ.

మార్చి 15

ఇవాళ మళ్ళీ వచ్చింది. నా బల్ల ముందునుంచే నడిచి త్రినాథరావు దగ్గర కూర్చుంది. నేను తల ఎత్తలేదు, కాని చెవులు మూసుకోవడానికి చేతులు ఖాళీగా లేవు.

ఆవిడ చెప్పింది, అతను టకటకా కొట్టాడు, చదివి వినిపించాడు. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇది మీ ఊరి ఆడమనిసి సెప్పినట్టుంది బాబూ. నా మాట మీకు సిక్కదు."

నాకు మంచి సంతోషం కలిగింది.

త్రినాథరావు కోపం తెచ్చుకోలేదు. అతనిలో నాకు గిట్టని గుణాల్లో అది పెద్దది. "పోనీ అమ్మా, రాతెందుకు. ఆ రోజు చూసినవాళ్ళెవరూ లేరా?" అన్నాడు.

"పెద్దమనుసులు ముగ్గురు. ముగ్గురూ పోనారు."

"నిప్పు మోసినాయన?"

ఆవిడ గోడవైపు చూసింది.

"ఆడూ సచ్చిపోనాడు," అంది.

నేను పెన్నులో సిరా పోసుకుంటున్నాను. బల్ల మీద కొంచెం ఒలికింది.

మార్చి 16

నిప్పు మోసింది నేను.

మా వైపు అన్నదమ్ములు విడిపోతే కాగితం రాసుకోరు. చిన్నకోడలి తమ్ముడో అన్నో రావాలి. పెద్దపొయ్యి ముందు కూర్చుని, ఇంటి పెద్ద చూస్తూండగా నిప్పుకణికలు పెంకులో వేసుకుని, వీధి దాటి, కొత్తపొయ్యిలో పెట్టాలి. దాని మీద అన్నం ఉడికితే వేరుపడినట్టే. నేను కబురందుకుని పట్నం నుంచి వెళ్ళాను. తెల్ల పంచె, తోలు చెప్పులు. జగ్గారావు పొయ్యి దగ్గర నిలబడి ఎంచి ఇచ్చాడు, నాలుగు కణికలు. ఆ రోజు నా కుడి అరచెయ్యి కాలింది.

పెద్దమనుషులు "కుదిరినాదేట్రా" అని అడిగారు. నేను "సమస్తమూ సక్రమముగా జరిగినది" అన్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా బావ, మంచివాడు, నవ్వులాటకి, "మా బామ్మరిది కలకటేరైపోనాడు" అన్నాడు. అందరూ నవ్వారు. చెయ్యి మండుతోంది. నాకు నోరు జారింది. "మీ మోటు మాటలు నా చెవులు భరించలేవు, ముందు మనుషుల్లా మాట్లాడడం నేర్చుకోండి" అన్నాను.

అరుగు మీద మా అయ్య కూర్చుని ఉన్నాడు. కర్ర తీసుకుని లేచి ఇంటికి వెళ్ళిపోయాడు.

సన్యాసమ్మ కొత్తపొయ్యి ముందునుంచి లేచి వచ్చి, "ఆ నోటితో ఇంకెప్పుడూ నా గుమ్మం తొక్కకు" అంది. తొక్కలేదు. రెండు నెలలకు అయ్య పోయాడని ఉత్తరం వచ్చింది. అందేసరికి కర్మలు కూడా అయిపోయాయి.

ఇదంతా ఎందుకు రాశానో తెలియదు. అర్జీకి పనికిరాదు.

మార్చి 30

సాక్షిగా వెళ్ళడం కుదరదు. అర్జీ రాసినవాడే సాక్షిగా నిలబడితే పంచలో ఇక కూర్చోనివ్వరు. ఇది భయం కాదు, వృత్తిధర్మం.

ఏప్రిల్ 9

త్రినాథరావు మధ్యాహ్నం కారియరు విప్పి, "మేష్టారూ, కొంచెం గోంగూర వేసుకోండి" అన్నాడు. వేసుకున్నాను. అప్పుడు తాపీగా, "ఆ నిప్పు మోసింది మీరే కదండీ" అన్నాడు.

ఎలా తెలిసిందని అడిగాను.

"ఆవిడ చచ్చిపోయాడన్నప్పుడు మిమ్మల్ని చూశానండీ."

గోంగూరలో ఉప్పు ఎక్కువైంది. చెప్పాను కూడా.

ఏప్రిల్ 22

వెళ్ళను.

ఏప్రిల్ 24, మంగళవారం

వెళ్ళాను. ఏం జరిగిందో వరసగా రాస్తాను. రేపటికి నాకే నమ్మకం ఉండదు.

గాజువాక దాటాక బస్సు దిగి నడిచాను. ఊరు సగం ఊడదీసి ఉంది. దూలాలు, తలుపులు, రుబ్బురోళ్ళు వీధిలో. చావడి ముందు బల్ల వేసి అధికారి, గుమాస్తా. జనం నేల మీద. సన్యాసమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది. నాకూ చూడాలని లేదు.

పేరు పిలిచారు. నేను లేచి, మూడు రాత్రులు కూర్చి పెట్టుకున్నది మొదలుపెట్టాను. "మహాప్రభో, ఈ గ్రామమునందు జన్మించినవాడనై, వాది సన్యాసమ్మకు సోదరుడనై, విభాగ సమయమున స్వయముగా..."

ఆడవాళ్ళలోంచి నవ్వు మొదలైంది. అధికారి చెయ్యెత్తాడు. "ఆ ముప్ఫై తొమ్మిదీ రాసింది మీరేనా?"

"చిత్తము."

"మీ అర్జీ చదివేశానండీ. దాన్నే మళ్ళీ చెబుతున్నారు. మీరు ఈ ఊరివారంటున్నారు. ఇందాకటినుంచి ఈ ఊరివాళ్ళ మాట వింటున్నాను. మీది వాళ్ళ మాటలా లేదే."

జగ్గారావు లేచాడు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి, ఇంకా నిటారుగానే ఉన్నాడు. చేతులు కట్టుకుని, నా మొహంలోకి చూస్తూ చెప్పాడు.

"ఈ బాబెవులో నానెరగనండి. పట్నంలో కాయితాలు రాసీవోడు. సన్యాసమ్మ బతిమాలి ఎంటెట్టుకొచ్చినాది."

చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడు. ఎరగనన్నాడు.

తరువాత మాట్లాడింది నేనే. గుమాస్తా రాసుకున్నాడు కనక నేనేనని ఒప్పుకోవాలి.

"ఏటి జగ్గుబావా, నన్నెరగవా. ఆ దినం నీ పొయ్యి కాడ నాను కూకుంటే నువ్వేటన్నావు. మూడు కణికలు సాలు, నాలుగోది ముట్టుకోకు, నా పిల్లలకి అంబలి కాయాల అన్నావు కాదేటి. తోడబుట్టినోడికి నిప్పిచ్చీ కాడ కూడా సెయ్యి రానేదు నీకు. ఆ మూడూ పెంకులో ఏసుకుని నాను వీది దాటతంటే నా సెయ్యి కాలిపోనాది. నువ్వు అరుగు మీద నిలబడి నవ్వినావు. ఇప్పుడు ఎరగనంటావేటి."

నవ్వులు ఆగిపోయాయి. ఇదేదో నా గొప్పని కాదు. చావడి స్తంభానికి వీపు ఆనించి అటు తిరిగి చుట్ట ముట్టించుకుంటున్న చలమయ్య, ఊళ్ళో అందరికన్నా పెద్దవాడు, నిప్పు తెచ్చుకున్న రోజున ఖరగ్‌పూరు రైల్వే పనిలో ఉన్నవాడు, పుల్ల పారేసి ఇటు తిరిగాడు.

"ఎవుడ్రా అది. అప్పలసామి లెగిసొచ్చీసినాడేటి."

అప్పలసామి మా అయ్య.

జగ్గారావు ఆ మాట వినిపించుకోలేదు. ఊరందరి ముందూ తమ్ముడికి నిప్పు తగ్గించి ఇచ్చినవాణ్ణి చేశానని రగిలిపోతున్నాడు.

"మూడేట్రా. నాలుగిచ్చినాను. నా సేతుల్తో ఎంచి ఇచ్చినాను. ఊరి ముందర అబద్దాలాడతావేట్రా నీలకంటం."

అధికారి పెన్ను మూత తీశాడు. "ఎప్పుడిచ్చావయ్యా?"

జగ్గారావు కట్టుకున్న చేతులు విప్పాడు. కూర్చున్నాడు.

మూడో నాలుగో, నాకు సరిగా గుర్తులేదు. ముసలితనం.

గుమాస్తా నా చేత వేలిముద్ర వేయించబోయాడు. సంతకం పెడతానంటే ఆశ్చర్యపోయాడు. అధికారి మాత్రం, "ఇక ఆ పంచలో కూర్చోవద్దు. రాసేవాడివైతే రాయాలి, సాక్షివైతే చెప్పాలి" అన్నాడు. కుర్రవాడు మర్యాద మానేసి ఏకవచనంలోకి దిగాడు. ఊరివాణ్ణని నమ్మినట్టే.

బస్సు కోసం నిలబడితే సన్యాసమ్మ వచ్చింది. మెచ్చుకోలు కోసం నేను చూడలేదు, ఆవిడ తేనూ లేదు.

"ఆ మాట నీకాడ ఎలగుందిరా. ఇప్పుడు ఊల్లో ఎవులూ అలగ మాటాడరు. రేడియోలొచ్చీసినాయి, బస్సులొచ్చీసినాయి. నా కొడుకే నన్ను ఎక్కిరిత్తాడు. అయ్యతోనే పోనాదనుకున్నాను."

నలభై ఏడేళ్ళు ఆ మాట ఒకరితోనూ మాట్లాడలేదు. వాడితే కదా అరిగేది.

బస్సు వచ్చింది.

మే 3

బల్ల త్రినాథరావుకి ఇచ్చేశాను. మిషను ఎత్తి దాని మీద పెట్టుకున్నాడు. బల్ల కాళ్ళలో ఒకటి పొట్టిది, కింద మడిచిన కాగితం పెట్టాలి. చెప్పలేదు. ఊగుతూ కొట్టుకోనీ.

మే 4

చెప్పాను.

మే 19

గదిలో కూర్చుంటున్నాను. రేవునుంచి ఇనప ఖనిజం దుమ్ము వచ్చి పంచెలన్నీ ఎర్రబడుతున్నాయి. పంచలో ఉన్నన్నాళ్ళూ దీన్ని గమనించలేదు. ఎవరికైనా అర్జీ పెట్టాలి. రాసేవాడు లేడు.

మే 28

కార్డు వచ్చిందట, ఎల్లాజీ పేరు మీద. త్రినాథరావు వచ్చి చెప్పాడు. మిగిలిన ముప్ఫై ఎనిమిది మందికీ మళ్ళీ రాసుకోమని అవకాశం ఇచ్చారట. వాళ్ళు అతని దగ్గరికి వెళితే అతను చేతులెత్తేశాడట. "నాకు వాళ్ళ మాట అందడం లేదు మేష్టారూ. వాళ్ళు చెబుతూంటే మీరు పక్కన కూర్చుని నాకు అందించండి. అధికారి వద్దన్నది రాయడం, వినడం వద్దనలేదు కదా" అన్నాడు.

ఇలాంటి చొరవ నాకు గిట్టదు. ఆలోచిస్తానన్నాను.

జూన్ 2

ఇరవై మందివి అయ్యాయి. వరహాలమ్మ అనే ఆవిడ చెప్పినదాంట్లో మూడు వాక్యాల దాకా ఏమీ మార్చలేదు. నాలుగోదాంట్లో 'నిర్వివాదముగా' అని పెట్టించబోయాను. త్రినాథరావు మిషను మీంచి చేతులు తీసేశాడు. ఇతన్ని నేను ఎప్పటికీ క్షమించను.

జూన్ 8

ఎల్లాజీ వచ్చాడు. ప్యాంటు, చేతికి గడియారం, మాట పూర్తిగా బస్తీది. "మామయ్యగారూ, సోమవారం కాలనీకి మారిపోతున్నామండి. పాతపొయ్యిలో నిప్పు మీరొచ్చి మొయ్యాలని అమ్మ చెప్పమందండి. లేకపోతే వెలిగించదట."

వెళ్ళను. మోకాళ్ళ నొప్పులు. నిప్పు అగ్గిపెట్టెలో కూడా దొరుకుతుంది. ఆ మాటే చెప్పి పంపాను.

జూన్ 11, సోమవారం

ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు పకోడీల పొట్లం రోజుల్లోలా ఉన్నాయి.

గరువుపాలెం నుంచి కాలనీకి నాలుగు మైళ్ళు. బూడిద కప్పినా పెంకు కాలుతుంది. అప్ప ముందు నడిచింది, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా.

"బేగి నడువు," అంది.

"నడుత్తన్నాను," అన్నాను.

నాలుగు కణికలే తీశాను. ఎన్నో నాకు ఎప్పుడూ సరిగ్గానే గుర్తుంది.